గుడివాడ మాండలిన్, బెంగళూరు గిటారు

బెంగళూరు బృందం ‘అగం’ 2012లో తన తొలి ఆల్బం ‘ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్’ తెచ్చింది. కర్ణాటక సంగీతాన్ని ప్రోగ్రెసివ్ రాక్ వాద్యాల మీద నిలబెట్టిన ఆల్బం అది. అందులో త్యాగరాజస్వామి తెలుగు ఉంది. పాడినవాళ్ళు మాత్రం తెలుగువాళ్ళు కారు. నేనప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. ఆ పాటలు అక్కడే విన్నాను, ఆ బృందం వేదిక మీద పాడుతుంటే చూశాను, తర్వాత మా ఊరు నందివాడ తీసుకెళ్ళి మా పెదనాన్నకు వినిపించాను. ఆయన విని అన్న మాటల వల్లే ఆ ఆల్బం విలువ నాకు పూర్తిగా అర్థమైంది. ఆ సంగతులన్నీ ఒకచోట రాసిపెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మా ఇంట్లో సంగీతం మూడు దారుల్లో వచ్చేది. పొద్దున్నే విజయవాడ ఆకాశవాణి భక్తిరంజని, ధనుర్మాసంలో రామాలయం భజన, పెళ్ళిళ్ళకీ పబ్బాలకీ మైకులో ఘంటసాల. ఘంటసాల వెంకటేశ్వరరావుగారు 1922లో పుట్టిన చౌటపల్లి గుడివాడ పక్కనే కాబట్టి ఆయన్ని మావాడు అనుకోవడం మా వైపు అందరికీ అలవాటు. మా పెదనాన్న రామాలయంలో హార్మోనియం వాయించేవాడు. చిన్నతనంలో గుడివాడలో ఒక మాస్టారి దగ్గర సరళీస్వరాలతో మొదలుపెట్టి, వర్ణాలు దాటి, కొన్ని కీర్తనల దాకా నేర్చుకున్నాడు. ఆపైన వ్యవసాయం మీద పడింది. మా మండలంలో వరి పొలాలు చేపల చెరువులైనప్పుడు మా పొలమూ చెరువే అయింది. పగలంతా మేత సంచులు, తవుడు, చెక్క లెక్కలు చూసుకుని సాయంత్రం హార్మోనియం పెట్టె తెరిచేవాడు. నాకు రాగాల పేర్లు తెలిసింది ఆ పెట్టె పక్కన కూర్చునే.

ఇంజనీరింగ్ హాస్టల్లో నా గదిలో ఒక మలయాళీ ఉండేవాడు. రాక్ సంగీతం అంటే కేకలు, డప్పుల మోత అని నాకున్న అభిప్రాయాన్ని మార్చింది అతనే. ఒక రాత్రి కింగ్ క్రిమ్సన్ అనే ఇంగ్లీషు బృందం తొలి ఆల్బం ‘ఇన్ ది కోర్ట్ ఆఫ్ ది క్రిమ్సన్ కింగ్’ వినిపించాడు. 1969 అక్టోబరులో వచ్చిన రికార్డు అది. మొత్తం అయిదే పాటలు. సినిమా పాట ముగిసే సమయానికి అందులో పాట ఇంకా పుంజుకుంటూ ఉంటుంది. తాళం మధ్యలో మారిపోతుంది, సాక్సఫోను ఒక దారి పడుతుంది, గిటారు ఇంకో దారి పడుతుంది, అంతా కలిసి ఒక్కచోట దిగుతారు. మెలోట్రాన్ అనే కీబోర్డు వాద్యం నుంచి వాద్యబృందం అంతా కలిసి మోగినంత నాదం వస్తుంది. ప్రోగ్రెసివ్ రాక్ అనే తోవకు ఆ ఆల్బం ఒక మూలస్తంభం. దాని అట్టమీది అరుస్తున్న ముఖాన్ని గీసిన బారీ గాడ్బర్ వృత్తిరీత్యా కంప్యూటర్ ప్రోగ్రామర్ అని మా స్నేహితుడు చెప్పినప్పుడు, ప్రోగ్రామింగ్ పుస్తకాలే ముందేసుకుని కూర్చున్న మా ఇద్దరికీ ఎంతో ఉత్సాహం వచ్చింది.

ఆ స్నేహితుడే తర్వాత కొచ్చి బృందం మదర్‌జేన్ గురించి చెప్పాడు. ఆ బృందంలో గిటారు వాయించిన బైజు ధర్మజన్ తీగను లాగి గమకం పలికించే తీరు విన్నప్పుడు, ఈ రెండు సంగీతాలు కలవడానికి ఎక్కడో దారి ఉందని తోచింది. దారి ఎక్కడుందో అప్పటికి తెలియదు.

అది బెంగళూరులో తెలిసింది. అగం అప్పటికే పేరున్న బృందం. 2007లో సన్ టీవీలో ఏ.ఆర్. రెహమాన్ న్యాయనిర్ణేతగా సాగిన ‘ఊలలలా’ పోటీలో గెలిచింది వాళ్ళే. హరీష్ శివరామకృష్ణన్ పాడతారు, పాడుతూనే వయొలిన్ అందుకుంటారు. కీబోర్డు స్వామి సీతారామన్‌ది, పాటల రచనలోనూ ఆయన చెయ్యి ఉంది. అప్పట్లో లీడ్ గిటారు ప్రవీణ్ కుమార్, బేస్ గిటారు ఆదిత్య కశ్యప్, డ్రమ్స్ గణేష్ రామ్ నాగరాజన్, మన దేశపు తాళవాద్యాలు శివకుమార్ నాగరాజన్. ఉద్యోగాలు చేసుకుంటూనే సంగీతాన్ని సాధన చేసినవాళ్ళు. పగలు కోడు రాసి రాత్రి శ్రుతి సరిచూసుకునే మనుషులు మాలాంటి వాళ్ళకు ఎంత దగ్గరగా అనిపించారో బెంగళూరులో ఆ రోజుల్లో ఉద్యోగం చేసినవాళ్ళందరికీ తెలుసు.

నేను వాళ్ళను మొదట చూసింది ఆరుబయట వేసిన వేదిక మీద. కుర్రకారు నిలబడే వింటున్నారు. హరీష్ కళ్ళు మూసుకుని ఆలాపన మొదలుపెట్టారు. కింద కీబోర్డు షడ్జం పట్టుకుని ఉంది. పక్కనున్నవాళ్ళు ఫోన్లు పైకెత్తి వీడియో తీసుకుంటున్నారు. రాగం హంసనాదం అని నాకు తెలిసిపోయింది, ప్రతిమధ్యమం మీద ఆయన నిలిచిన తీరు చూసి. ఆ తర్వాత పల్లవి వచ్చింది. ‘బంటురీతి కొలువు’. మా రామాలయంలో పెదనాన్న గొంతులో విన్న కీర్తన. ఇక్కడ వేలమంది ముందు, ఎరుపూ నీలం దీపాల వెలుగులో, నాతోపాటు నిలబడిన కన్నడిగులూ తమిళులూ మలయాళీలూ గొంతు కలిపి పాడుతున్నారు. చుట్టూ ఎవరికీ తెలుగు రాదు, అందరికీ కీర్తన వచ్చు. నా గొంతు పూడుకుపోయింది. పక్కనున్న స్నేహితుడు భుజం పట్టుకుని ఊపితేగాని నేనూ పాడటం మొదలుపెట్టలేదు.

ఆ కీర్తనలో త్యాగయ్య రాముడి దగ్గర సిపాయి ఉద్యోగం అడుగుతాడు. కామాది శత్రువుల్ని పడగొట్టే బంటుగా తనను పెట్టుకోమంటాడు. పులకరించిన ఒళ్ళే తన కవచం, రామభక్తుడన్న పేరే ముద్రబిళ్ళ, రామనామమే చేతిలో కత్తి. యుద్ధానికి వెళ్ళేవాడి పాట అది. సిపాయి నడకకు తగ్గ బరువు డ్రమ్స్‌లోంచి వస్తుంటే, ఇంత వీరం ఈ సాహిత్యంలో ఉందన్న సంగతి ఒంటికి తెలిసింది. భజనలో అది వినయంగా వినిపించేది. ఇక్కడ ధైర్యంగా వినిపించింది. రెండూ అందులో ఉన్నవే.

ఆల్బంలో ఈ కీర్తనకు ‘స్వాన్స్ ఆఫ్ సరస్వతి’ అని పేరు పెట్టారు. అదే ఆల్బంలో స్వాతి తిరునాళ్ ధనాశ్రీ తిల్లానా ఉంది, కేరళ పడవ పందేల పాటల ఊపు మీద నడిచే ‘ది బోట్ సాంగ్’ ఉంది, మల్హార్ రాగం మీద ‘మల్హార్ జామ్’ ఉంది. బహుదారిలో ‘బ్రోవభారమా’ కూడా ఈ బృందం పాడింది. దేవతల కోసం పాలసముద్రంలో ఒక కొండను మోశావు, గోపికల కోసం ఇంకో కొండ ఎత్తావు, నేనొక్కణ్ణి నీకు బరువయ్యానా అని త్యాగయ్య రాముణ్ణి నిలదీసే కీర్తన అది. బేస్ గిటారు అడుగున నిలిచి పలికితే ఆ ప్రశ్న గుండెకు తగులుతుంది. ఒక కచేరీలో తిల్లానా విన్నాను. జతులు గొంతులోంచి డ్రమ్స్‌కు, డ్రమ్స్ నుంచి గిటారుకు చేతులు మారుతూ ముక్తాయింపు మీద అందరూ ఒకే దెబ్బగా పడ్డారు. హాస్టల్ రాత్రి కింగ్ క్రిమ్సన్‌లో విన్న ఆ కలిసి దిగడం ఇక్కడ మన లెక్కలో, మన తాళంలో వినిపించింది.

ఆ సంక్రాంతికి పాటలు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ఊరు వచ్చాను. కనుమ నాటి సాయంత్రం చెరువు గట్టు మీద కాపలా పాక ముందు మంచాలు వేసుకుని కూర్చున్నాం. తెల్లవారుజామున చేపల పట్టుబడి ఉంది. వలల వాళ్ళు, లారీ డ్రైవరు, మా తమ్ముళ్ళు అందరూ అక్కడే ఉన్నారు. స్పీకరు పెట్టి హంసనాదం పాట మొదలుపెట్టాను. తమ్ముళ్ళు తలలూపారు. పెదనాన్న కదలకుండా విన్నాడు. పాట అయిపోయాక, “మళ్ళీ పెట్టరా” అన్నాడు. మళ్ళీ విన్నాడు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

“శ్రుతిలో ఉన్నాడు,” అన్నాడు చివరికి. “సాధన చేసినవాడే. కొన్నిచోట్ల మాట నలిగింది. మన భాష కాదు కదా, అది క్షమించొచ్చు. ఆ వాయిద్యాల మోత చరణంలో మాటను మింగేసిన చోట మాత్రం నాకు నచ్చలా. కవచం ఏదో, కత్తి ఏదో వినపడకపోతే ఆ కీర్తన ఎందుకు?” అన్నాడు. ఒక్క క్షణం ఆగి, “అయినా రాగం ఎక్కడా చెడలేదేంరా? అంత గిటారు కింద పెట్టి హంసనాదం చెడకుండా ఎట్లా పాడారు?” అని అడిగాడు.

మర్నాడు ఇంట్లో హార్మోనియం ముందు కూర్చుని దానికి సమాధానం వెతికాం. రాక్ గిటారువాళ్ళు మామూలుగా మూడు స్వరాల కార్డు బదులు రెండే స్వరాలు పట్టుకుంటారు, మూలస్వరమూ దాని పంచమమూ. మధ్యలో గాంధారం ఉండదు. దాన్ని పవర్ కార్డు అంటారు. ఈ రోజుల్లో పాడుతున్న హంసనాదంలో ఉన్న స్వరాలు షడ్జం, చతుశ్శ్రుతి రిషభం, ప్రతిమధ్యమం, పంచమం, కాకలి నిషాదం. గాంధారం ఆ రాగంలోనూ లేదు. పెదనాన్న హార్మోనియం మీద స, ప కలిపి నొక్కాడు. తర్వాత ప, పైన రి. తర్వాత ని, పైన మ. మూడు జంటలూ రాగంలోని స్వరాలతోనే పూర్తవుతున్నాయి, అన్యస్వరం ఒక్కటీ తగలడం లేదు. ఆయన ముఖం వెలిగిపోయింది. “ఈ రాగాన్ని ఊరికే ఎంచుకోలేదురా వీళ్ళు. ఆలోచించి ఎంచుకున్నారు,” అన్నాడు. బృందం అలా ఆలోచించే ఎంచుకుందో, చెవి చెప్పినట్టు చేసిందో నేను చెప్పలేను. మా వరండాలో ఆ పూట తేలింది మాత్రం ఇది: కర్ణాటక రాగమూ రాక్ గిటారూ ఒకదాన్నొకటి చెరపకుండా నిలబడే చోటు నిజంగా ఉంది, అది లెక్కకు అందుతుంది.

ఆ పూటే పెదనాన్న 1978 నాటి సంగతి చెప్పాడు. గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో పాలకొల్లు కుర్రాడొకడు మాండలిన్ పట్టుకుని వేదికెక్కాడు. తొమ్మిదేళ్ళ వయసు. పేరు ఉప్పలపు శ్రీనివాస్. కర్ణాటక కచేరీగా ఆ అబ్బాయికి అదే మొదటిది. మాండలిన్ అంటే సినిమా ఆర్కెస్ట్రాలో మోగే పరదేశపు వాద్యం అని అందరి లెక్క. మెట్లు బిగించిన వాద్యం మీద గమకం పలుకుతుందా అని జనం గుసగుసలాడుకున్నారట. “ఆ పిల్లాడు కూర్చున్నాక ఎవరూ మాట్లాడలేదు. నేను నేలమీద కూర్చుని విన్నాను. ఇంటికొచ్చి మీ తాతతో చెబితే నమ్మలేదు,” అన్నాడు పెదనాన్న. శ్రీనివాస్ గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు మాండలిన్ వాయించి నేర్పినవారు కారు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటను తీగల మీద వెతుక్కునేవాడు. అందుకే ఆ వాద్యంలోకి గాత్రం వచ్చింది. తర్వాత శ్రీనివాస్ జంట తీగలు తీసేసి అయిదు ఒంటి తీగలు కట్టి ఎలక్ట్రిక్ మాండలిన్‌ను కర్ణాటక వాద్యంగా నిలబెట్టాడు.

“కరెంటు వాయిద్యంలో త్యాగయ్య పలకడం నాకు కొత్తేం కాదు,” అన్నాడు పెదనాన్న. “మన గుడివాడలో మొదలైన పని, మీ బెంగళూరు కుర్రాళ్ళు ఇంకో మెట్టు ఎక్కించారు.”

ఆ మాట నా మనసులో అన్నీ ఒక వరసలో పెట్టింది. జాన్ మెక్‌లాఫ్లిన్ అనే ఇంగ్లీషు గిటారిస్టు మహావిష్ణు ఆర్కెస్ట్రా పేరుతో 1971లో ‘ది ఇన్నర్ మౌంటింగ్ ఫ్లేమ్’ అనే తొలి ఆల్బం చేశాడు. జాజ్, రాక్, మన తాళాల లెక్కలు అందులో కలిశాయి. తర్వాత శక్తి బృందం పెట్టి జాకిర్ హుస్సేన్, ఎల్. శంకర్‌లతో వాయించాడు. అదే మెక్‌లాఫ్లిన్ ‘రిమెంబర్ శక్తి’ పేరుతో మళ్ళీ వచ్చినప్పుడు ఆయన పక్కన కూర్చున్నది మన పాలకొల్లు శ్రీనివాసే. గుడివాడ ఆరాధన వేదిక నుంచి ప్రపంచ వేదికల దాకా వెళ్ళిన ఈ తీగ మా ఊరి పక్కనుంచే వెళ్ళింది. నేను అగం పాటను బెంగళూరు నుంచి ఊరికి తెచ్చాననుకున్నాను. దాని వేరు అప్పటికే ఇక్కడ ఉందని పెదనాన్న చూపించాడు.

ఇంకా వెనక్కి వెళ్ళి చూపించింది కూడా ఆయనే. ఆ శివరాత్రికి పెదకళ్ళేపల్లి దుర్గా నాగేశ్వరస్వామి తిరునాళ్ళకు కారులో వెళ్ళాం. పామర్రు దాటాక కూచిపూడి వచ్చింది. దగ్గరలోనే క్షేత్రయ్య ఊరు మువ్వ. చల్లపల్లి, మోపిదేవి మీదుగా కృష్ణ ఒడ్డుకు చేరేదాకా కారులో ఆల్బం మోగుతూనే ఉంది. పెదకళ్ళేపల్లిలో దిగాక పెదనాన్న అన్నాడు: “సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారి ఊరు ఇది.” త్యాగయ్య శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య. ఆయన దగ్గర తంజావూరు సీమలో నేర్చుకుని వచ్చి, ఆ సంగీతాన్ని కృష్ణా తీరంలో నాటినవారు శాస్త్రిగారు. ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. పంతులుగారి శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. మా ఇంట్లో పొద్దున్నే మోగిన భక్తిరంజనికి ప్రాణం పోసింది ఆయనే. తిరువయ్యారులో పుట్టిన కీర్తన నేరుగా గురువు నోటి నుంచి శిష్యుడి నోటికి మారుతూ మా కృష్ణా తీరానికి నడిచొచ్చింది. ఆ గుడి మెట్ల మీద కూర్చున్నప్పుడు, కీర్తన ప్రతి తరంలోనూ కొత్త గొంతు, కొత్త వాద్యం వెతుక్కుంటూనే బతికిందని నాకు స్పష్టంగా తోచింది. కచేరీలో ఇప్పుడు తప్పనిసరి అనుకునే వయొలిన్ కూడా ఒకప్పుడు పడమటి దేశాల నుంచి వచ్చిందే.

ఆ ఏడు శ్రీరామనవమికి మా ఊరి కుర్రాళ్ళు కొందరు పెదనాన్న దగ్గరకు వచ్చారు. ఒకడి దగ్గర గిటారు ఉంది. పందిట్లో ‘బంటురీతి’ అగం పద్ధతిలో పాడాలని వాళ్ళ కోరిక. ఆయన ఒకే షరతు పెట్టాడు. “కీర్తన పూర్తిగా నోటికొచ్చేదాకా గిటారు పెట్టెలోంచి బయటికి తీయొద్దు.” వాళ్ళు ఒప్పుకున్నారు. రోజూ సాయంత్రం మా వరండాలో పాఠం జరిగింది. పల్లవిలో ఒక్కో సంగతినీ ఆయన విడదీసి చెప్పేవాడు. సంగతి అంటే అదే మాట కొంచెం కొంచెంగా విచ్చుకోవడం. ప్రతిసారీ ఇంకాస్త ఎత్తుకు వెళ్ళి మళ్ళీ పల్లవిలోకే దిగడం. కుర్రాళ్ళలో ఒకడు ఠక్కున అన్నాడు, “తాతగారూ, రాక్ పాటలో రిఫ్ కూడా ఇలాగే పెరుగుతుందండీ.” రిఫ్ అంటే పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న స్వరాల వరసని వాడే గిటారు మీద వాయించి పెదనాన్నకు చూపించాడు. ఆయన శ్రద్ధగా విన్నాడు. గురువూ శిష్యుడూ చోట్లు మార్చుకున్న ఆ సాయంత్రం నాకు బాగా ఇష్టం.

నవమి రోజు పందిట్లో పాడారు. గిటారు, హార్మోనియం, మద్దెల. మోత తగ్గించి, చరణంలో మాటలన్నీ వినపడేట్టు పాడారు. అది పెదనాన్న దిద్దుబాటు. పెద్దవాళ్ళలో కొందరికి నచ్చలేదు, రామాలయంలో గిటారేమిటని లేచి వెళ్ళారు. ఎక్కువమంది చివరిదాకా కూర్చున్నారు. చేతిలో పానకం గ్లాసుతో ఒక పెద్దావిడ, “ఆ పాట అర్థం ఇన్నాళ్ళకు తెలిసిందయ్యా,” అన్నారు. కుర్రాళ్ళకు దక్కిన పెద్ద మెప్పు అది.

2014 సెప్టెంబరు 19న మాండలిన్ శ్రీనివాస్ చెన్నైలో కన్నుమూశారు. నలభై అయిదేళ్ళు. పెదనాన్న ఫోన్ చేసి, “మన గుడివాడ పిల్లాడు వెళ్ళిపోయాడురా,” అన్నాడు. ఇంకేమీ మాట్లాడలేకపోయాడు. ఆ రాత్రి బెంగళూరులో నా గదిలో శ్రీనివాస్ వాయించినవి విన్నాను, తర్వాత అగం తొలి ఆల్బం మొదటి నుంచి చివరి దాకా విన్నాను. ఒకటి లేకపోతే రెండోది ఇంత ధైర్యంగా వచ్చేది కాదని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ‘ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్’ మన కాలంలో కర్ణాటక సంగీతానికి జరిగిన మంచి పనుల్లో ఒకటి. కీర్తనను ముక్కలు చేసి మెరుపు కోసం వాడుకోలేదు. పల్లవి, అనుపల్లవి, చరణం అనే కట్టుబడిని గౌరవించి, పాట పెరగడానికి కావలసిన సమయం ఇచ్చింది. దాని లోపం పెదనాన్న చెప్పిందే. వాద్యాల ఉరవడిలో కొన్నిచోట్ల సాహిత్యం వెనకబడింది. ఆ లోటు తీర్చగలిగేది తెలుగు వచ్చినవాళ్ళే. క్షేత్రయ్య పదాలు, నారాయణతీర్థుల తరంగాలు, రామదాసు కీర్తనలు, యక్షగానాల దరువులు మన దగ్గర ఉన్నాయి. గిటారు పట్టిన పిల్లలు గుడివాడలో, బందరులో, అవనిగడ్డలో ఉన్నారు.

ఆ పిల్లలకు నేను చెప్పేది ఒకటే. ముందు ఒక కీర్తన గురువు దగ్గర పూర్తిగా నేర్చుకోండి, ఆ తర్వాత గిటారు తీయండి. మన ఊళ్ళలో త్యాగరాజ ఆరాధనలు జరిపే పెద్దలకూ ఒక మనవి. 1978లో గుడివాడ ఒక తొమ్మిదేళ్ళ పిల్లవాడి మాండలిన్‌కు వేదిక ఇచ్చింది. అలాగే శ్రద్ధగా నేర్చుకుని వచ్చిన ఈ పిల్లలకు ఉత్సవంలో ఒక పూట ఇవ్వండి, ముందు వరసలో కూర్చుని చివరిదాకా వినండి, తప్పులుంటే దిద్దండి.